గంపలో ఏమున్నది?

"మీరే చేసిన్రు సార్ గిదంత! లారీల లైట్లు, వ్యాన్ల హీరోలు ఏస్కొని వస్తరు. చార్మినార్ నెత్తి మీద డ్రోన్ ఎగరేస్తరు. కింద గల్లీల ఒక కత్తిని, ఒక మేకను, ఒక బిర్యానీ డేగిసను నిలవెట్టి, గిదే పాతబస్తీ అని దునియాకు చూపిస్తరు. మా మాటను జోకర్ నోట్ల పెట్టిన్రు. మిగిలితే రౌడీ పక్కకు నిలవడి 'అన్నా, అన్నా' అనేటోని నోట్ల పెట్టిన్రు. గిన్నేండ్లల ఒక్కలన్న మా దిక్కు కూసొని చూసిన్రా? కండ్లుండి చూడనోళ్ళు మీరు!"

అనూహ్య ఈ మాటలన్నది అమరనాథ్ మొహం మీదే. అమరనాథ్ చిన్న సినిమాలను కొని ఫోన్లలో చూసే యాప్‌కు ఎక్కించే మనిషి. సినిమా అమ్ముకుందామని వెళ్ళి, కొనేవాణ్ణే తిట్టి రావడం ఎక్కడి తెలివో ఆమెకే తెలియాలి. అయితే అతను కోపగించుకోలేదు. తిట్టినకొద్దీ మురిసిపోయాడు.

"అందుకేనమ్మా నీ సినిమా నచ్చింది. ఇందులో ప్రతి ఫ్రేమూ నిజం. ఆ కూరగాయలావిడ నడక నిజం, ఆ గంప నిజం, ఆ చెమట నిజం. ఇంకేం మార్చకు. వచ్చే శనివారానికి ఫైనల్ కాపీ పంపు, ఎక్కించేస్తా. శనివారం దాటితే మాత్రం నా లిస్టు మూసేస్తారు, తర్వాత నేను చేసేదేం లేదు."

బస్సెక్కి మాదన్నపేటకు వచ్చేదాకా అనూహ్య కాళ్ళు నేల మీద లేవు. ఉండవు మరి. ఆమెకు సినిమా ఎవరూ నేర్పలేదు. తండ్రి రాజన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. ఆమె ఒక ఫొటో స్టూడియోలో కూర్చుని పెళ్ళి వీడియోలు కత్తిరిస్తుంది. పెళ్ళికొడుకు తుమ్మితే ఎక్కడ కోయాలో, పెద్దమనిషి అలిగితే ఎక్కడ అతికించాలో అక్కడే నేర్చుకుంది. ఆ నేర్పుతోనే, ఒక ఫోన్‌తో, పద్నాలుగు నెలల ఆదివారాలు పట్టుకుని 'డబ్బా ఎవరిది?' అని గంటా నలభై నిమిషాల సినిమా తీసింది. ఆదివారాలే ఎందుకంటే మిగతా ఆరు రోజులు అందరికీ పనులున్నాయి. కెమెరా పట్టిన విశాల్‌కు వాళ్ళ నాయన బట్టల దుకాణం. హీరోయిన్‌కు ఆర్టీసీలో ఊడ్చే పని. హీరోయిన్ ఎవరో కాదు, అనూహ్య మేనత్త చంద్రమ్మ. యాభై నాలుగేళ్ళు.

సినిమా కథ ఒకటే రోజు. ఒక కూరగాయలామె గంపలో ఎవరో కొనడానికొచ్చినామె లక్క గాజుల డబ్బా మరిచిపోయి పోతుంది. పొద్దున ఆ డబ్బా చూసుకున్న కూరగాయలామె గంప నెత్తిన పెట్టుకుని, డబ్బా ఎవరిదో తెలుసుకుందామని యాకుత్‌పురా మీదుగా లాడ్ బజార్ దాకా నడుస్తుంది. సాయంత్రానికి డబ్బా చేరాల్సిన చేతికి చేరుతుంది. అంతే.

ట్రాలీ లేదు, కాబట్టి తోపుడు బండి మీద విశాల్‌ను కూర్చోబెట్టి తోశారు. లైటు లేదు, కాబట్టి థర్మాకోల్ ముక్కతో ఎండను తిప్పారు. లాడ్ బజార్‌లో ఒక గాజుల దుకాణమతను పక్కకు జరుగుతూ, "షూటింగ్ హై క్యా? హీరో కిధర్ హై?" అనడిగితే, విశాల్ చంద్రమ్మను చూపించి "యెహీచ్ హీరో హై భాయ్" అన్నాడు. ఆ దుకాణమతను చంద్రమ్మను కింది నుంచి మీది దాకా చూసి, ఆమెకొక కుర్చీ వేశాడు.

ఒక రోజు కథను పద్నాలుగు నెలలు తీస్తే అతుకులు కనబడతాయని అనూహ్యకు తెలుసు. అందుకే ఒక నోట్‌బుక్కు పెట్టింది. ప్రతి ఆదివారం చంద్రమ్మ ఫొటో తీసి అందులో అతికించేది. బొట్టు ఎంత, కొప్పు ఏ పక్కకు వాలింది, చీర కొంగు మీద నూనె మరక ఎక్కడ, ఎడమ చేతికి గాజులెన్ని. ఒకసారి చెప్పు తెగి వేరే చెప్పు వేసుకొస్తే ఆ పూట షూటింగే ఆపేసింది. "నీ ఫికర్ పాడుగాను, నా కాళ్ళెవడు చూస్తడే?" అని చంద్రమ్మ తిట్టింది. "చూస్తరు అత్తమ్మా. చూసేటోడు ఒక్కడుంటే చాలు, పరువు పోతది" అంది అనూహ్య.

సినిమా పూర్తయింది కాబట్టి మార్కెట్టోళ్ళకు చూపించాలి. మాదన్నపేట మార్కెట్ ఆడవాళ్ళు ఈ సినిమాకు జాగా ఇచ్చారు, జరగమంటే జరిగారు, మిగిలిన కూరగాయలిచ్చారు. ఆదివారం పగటిపూట బస్తీ హాల్లో కిటికీలకు పట్టాలు కట్టి, గోడకు దుప్పటి కట్టి, నలభై మందిని కూర్చోబెట్టింది.

మొదటి అరగంట ఎవరూ కదల్లేదు. చంద్రమ్మ తెర మీదికి రాగానే ఒకామె ఈల వేసింది కూడా. లాడ్ బజార్ మెట్ల దగ్గర చంద్రమ్మ అలిసిపోయి గంప దించుకుని, డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఏడ్చే సీను వచ్చింది. ఏడు సార్లు తీసిన సీను. అమరనాథ్ కళ్ళద్దాలు తుడుచుకున్న సీను.

నలభై మందీ నవ్వారు.

చిన్న నవ్వు కాదు. ఆకుకూరలమ్మే మున్నీ కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. అందరికంటే పెద్దామె నాగమణమ్మ, ముప్పై ఏళ్ళుగా మార్కెట్లో అదే మూల మీద కూర్చునే మనిషి, వెనక్కి తిరిగి "ఊకోండ్రే, పాపం పిల్ల తీసింది" అని కసిరింది. కసిరిన ఆమె భుజాలు కూడా కదులుతున్నాయి.

సినిమా అయ్యాక అందరూ చాయ్ తాగారు. "మంచిగున్నది బిడ్డా. చంద్రమ్మ మస్తు చేసింది" అన్నారు. లేచి పోయారు.

చంద్రమ్మ కుర్చీలోనే ఉండిపోయింది. "నేనేడుస్తె నవ్విన్రు. గంత ఖరాబ్ చేసిన్నా?"

"నువ్వు ముక్కు చీదినవ్ గదా అత్తమ్మా, గందుకే" అన్నాడు విశాల్.

"ఏడిస్తె ముక్కు కారదా? మీ దుకాన్ల ముక్కు కారకుంట ఏడుస్తరా?"

అనూహ్యకు బాధ కంటే ముందు తెలుసుకోవాలనే దురద పుట్టింది. ఎందుకు నవ్వారు? ఆ సీనును మాట లేకుండా చూసింది. వెనక నుంచి ముందుకు చూసింది. ముక్కు చీదిన ముక్క కోసేసి చూసింది. తండ్రికి చూపిస్తే రాజన్న కళ్ళు తుడుచుకున్నాడు. స్టూడియో యజమానికి చూపిస్తే గొంతు సవరించుకున్నాడు. పక్కింటివాళ్ళకు చూపిస్తే 'అయ్యో' అన్నారు. అంటే ఈ సీనులో కూరగాయలమ్మేవాళ్ళకు మాత్రమే కనబడేది ఏదో ఉంది. అమరనాథ్‌కు కనబడలేదు. తీసిన తనకూ కనబడలేదు. ఏమిటది?

బుధవారం పొద్దున స్టూడియోకు సెలవు పెట్టి నాగమణమ్మ ముందు పోయి కూర్చుంది.

"అవ్వా, నిజం చెప్పు. ఎందుకు నవ్విన్రు?"

"ఎవలు నవ్విన్రు? మంచిగున్నదన్న గదా. వంకాయలు తీస్కపో, లేతగున్నయ్."

"వంకాయలొద్దు. శనివారం నా సినిమా పోతది. పోయినంక దునియా అంత చూస్తది. గప్పుడు చెప్తవా?"

నాగమణమ్మ వంకాయల మీద నీళ్ళు చల్లుతూ ఉండిపోయింది. సొంత గల్లీ పిల్ల మనసు కష్టపెట్టడం ఆమెకు ఇష్టం లేదు. పక్కనే మున్నీకి ఆ ఓపిక లేకపోయింది.

"నాకు తెల్వక అడుగుత అక్కా, గామె యాడికెల్లి తెచ్చింది గవన్నీ?"

"ఏవన్నీ?"

"సెల్ తియ్యి. ఫస్టుకెల్లి పెట్టు."

అనూహ్య సినిమా పెట్టింది. నాగమణమ్మ తడి వేలు చీరకు తుడుచుకుని తెర మీద పెట్టింది. "ఆపు. గంపల ఏమున్నది?"

అనూహ్య చూసింది. పద్నాలుగు నెలల్లో మొదటిసారి చూసింది. "చింతచిగురు."

"ఎప్పుడొస్తది?"

"ఎండాకాలం."

"జరుపు. యాకుత్‌పురా వచ్చిందా? ఆపు. ఇప్పుడేమున్నది?"

"బోడకాకర."

"అది వానలు పడ్డంక. జరుపు. గాజుల దుకాన్ కాడ?"

"సీతాఫలం" అంది అనూహ్య.

"దసరా. ఇగ ఏడ్చేకాడికి రా."

చంద్రమ్మ మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది. ఆమె పక్కన గంప నిండా అనపకాయలు. గజగజ వణికే చలిలో తప్ప బజారుకు రాని అనపకాయలు.

"పొద్దుగాల ఎండాకాలం ఇంట్లకెల్లి ఎల్లింది" అంది మున్నీ, "మాపటికి చలికాలం చేరింది. గామె ఎందుకేడ్వదక్కా? ఏడు నెలలు నడిచింది గదా!"

ఈసారి వరసలో ఉన్న వాళ్ళంతా బాహాటంగానే నవ్వారు.

అనూహ్య నోట్‌బుక్కులో బొట్టుంది, కొప్పుంది, నూనె మరక ఉంది. గంప లేదు. ఎందుకు లేదో ఆమెకు ఆ క్షణాన తెలిసింది. ఆ గంప వాళ్ళకు సినిమా సామాను కాదు, ఆ పూట కూడు. ప్రతి ఆదివారం మార్కెట్టోళ్ళు ఏది మిగిలిందంటే అదిచ్చేవాళ్ళు. షూటింగ్ అవగానే గంప చంద్రమ్మ పొయ్యి దగ్గరకు పోయేది. చింతచిగురు పప్పయింది. బోడకాకర వేపుడైంది. సీతాఫలాలు విశాల్ ఒక్కడే ఆరు తిన్నాడు. అనపకాయలు ఉప్పు వేసి ఉడకబెట్టుకుని చలిలో ఒలుచుకుంటూ కబుర్లు చెప్పుకున్నారు. ఏ ఆదివారం ఏం తిన్నామో అందరికీ గుర్తుంది. తిన్నదే తెర మీద ఉందని ఒక్కరికీ తట్టలేదు. మార్కెట్‌కు మూడు గల్లీల అవతల పుట్టి పెరిగిన పిల్ల, ఊరందరినీ కళ్ళు లేవని తిట్టొచ్చిన పిల్ల, గంపను గంపలాగానే చూసింది తప్ప లోపలికి చూడలేదు.

సిగ్గు పడాల్సిన చోట ఆమెకు ఇంకో ప్రశ్న పుట్టింది. అదీ ఆమె జబ్బు.

"ఇంకేమున్నయ్ అవ్వా? అన్నీ చెప్పు."

నాగమణమ్మ ఆమెను కొత్తగా చూసింది. "కోపం రాదా?"

"వచ్చినా చెప్పు."

"అయితే విను. మీ అత్త గంపల కింద కాయితాలు పెట్టినవ్ గదా?"

పెట్టింది. గంప సగం దాకా పాత పేపర్లు కుక్కి, పైన ఒక్క పొర కూరగాయలు పరిచేది. అంత సరుకు ఎవరిస్తారు? "నీకెట్ల తెల్సింది?"

"మెడ చెప్తది. బరువున్న గంప నెత్తిన ఉంటే మనిషి తల తిప్పి చూడది. ఒళ్ళంత తిప్పుతది. మీ అత్త పావురం లెక్క అటిటు చూస్తనే ఉన్నది."

"ఇంకా?"

"ఇంకేంది, అసలుకే కత తప్పు. డబ్బా ఎవరిదో అని జాగ ఇడిసి ఎవలు పోతరు? నేను గీ మూల మీద ముప్పై ఏండ్లు కూసున్న. నేను లేస్తే గీడ ఇంకొకామె కూసుంటది. జాగ పోతే అన్నం పోతది. మేం పోము బిడ్డా."

"మరి డబ్బా మరిచిపోయినామె ఎట్ల దొరుకుతది?"

నాగమణమ్మ కొనేవాళ్ళ వైపు తిరిగింది. జవాబు చెప్పాల్సిన అవసరమే రాలేదు. ఒక గంట తర్వాత మున్నీ తోటకూర కట్టలు సర్దుతుంటే వాటి కింద ఒక కళ్ళజోడు దొరికింది. మున్నీ దాన్ని పైకెత్తి నాగమణమ్మకు చూపించింది.

"ఎవరియి అవ్వా?"

"కాకరకాయ గిచ్చి చూసేటామెయి. ఇందాక నీ తాన వంగింది గదా."

మున్నీ లేవలేదు. తల వరస వైపు తిప్పి గొంతెత్తింది. "కాకరకాయ గిచ్చేటామె అద్దాలు మరిచింది!" పక్కామె అందుకుంది. ఆ పక్కామె అందుకుంది. ఉల్లిగడ్డల దగ్గర ఒక గొంతు, ఆలుగడ్డల దగ్గర ఒక గొంతు, మలుపు తిరిగి అటువైపు ఇంకో గొంతు. పేరు లేదు, ఇల్లు లేదు, గల్లీ లేదు. కాకరకాయ గిచ్చడం ఒక్కటే ఆమె గుర్తు. కాసేపటికి అదే దారిన జవాబు వెనక్కి వచ్చింది. "మిర్చి కాడున్నది, పంపిస్తున్నం!" పది నిమిషాల్లో ఒక టీచరమ్మ కళ్ళు చికిలించుకుంటూ వచ్చి, అద్దాలు పెట్టుకుని, నాగమణమ్మ దగ్గర పావుకిలో కాకరకాయలు గిచ్చి గిచ్చి కొనుక్కుని పోయింది.

ఒక్క మనిషి కూర్చున్న చోటు నుంచి లేవలేదు.

అనూహ్య నోరు తెరుచుకుని చూసింది. తన సినిమాలో గంటా నలభై నిమిషాలు నడిస్తే గానీ దొరకని మనిషి, ఇక్కడ నడవకుండా దొరికింది. "అవ్వా, మీకు అందరూ గిట్లనే గుర్తుంటరా?"

"పేర్లెవలికి గుర్తుంటయ్? కొత్తిమీర కొసరడిగే పంతులు. పుచ్చు వంకాయలే ఏరుకునే ముసలాయన, మేకకు అంటడు గని ఇంట్ల కూరకే అని మాకెర్కే. మీ అమ్మ దొండకాయలకు మొహం తిప్పుతది."

"మా బాపుకు పడవు."

"మీ బాపుకు పడయని మీ అమ్మ చెప్తది. ఆమెకే పడయి."

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో అన్నం తింటున్న అనూహ్యకు ఆ సంగతి తెలియదు.

మర్నాడు చంద్రమ్మను వెంటబెట్టుకొచ్చింది. చంద్రమ్మ పోట్లాటకే వచ్చింది. "నా మెడను పావురం మెడ అన్నదెవలు?" అని నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. నాగమణమ్మ ఏమీ అనకుండా నిండు గంప ఒకటి చూపించింది. ఇద్దరు పట్టి నెత్తికెత్తారు. చంద్రమ్మ పది అడుగులు వేసింది. పన్నెండో అడుగుకు ఎవరో వెనక నుంచి పిలిచారు. తల తిరగలేదు. మనిషంతా, కాళ్ళతో సహా, లారీ మలుపు తిరిగినట్టు తిరిగింది. తిరిగి, గంప దింపించుకుని, మెడ పట్టుకుని మున్నీ పక్కన కూలబడింది.

"నవ్వరా మరి?" అంది అనూహ్యతో. "నేనైనా నవ్వుతుంటి."

తప్పులు సరిచేశాకే సినిమా పంపుదామని అనూహ్య అంటే, వెంట వచ్చిన విశాల్ మాత్రం ఒప్పుకోలేదు. "అనూ, నీకు పాగల్ లేచిందా? శనివారం పంపకపోతే లిస్టు బంద్. పద్నాలుగు నెలలు నాయన తోటి తిట్లు తిన్న. ఫస్టు సినిమా బయటికొస్తేనే రెండోది. చూసినోళ్ళందరు ఏడుస్తున్నరు. నలభై మంది నవ్వితే ఏమైతది?"

అతను చెప్పిందాంట్లో అబద్ధం లేదు. అనూహ్య మార్కెట్ అవతలికి పోయి అమరనాథ్‌కు ఫోన్ చేసింది. తప్పు ఎక్కడుందో దాచకుండా చెప్పింది. ఇంకో నెల గడువడిగింది.

అతను పడీపడీ నవ్వాడు. "చింతచిగురా? అనపకాయలా? అమ్మా, ఎవరు చూస్తారు? నేను మూడుసార్లు చూశాను, నాకే కనబడలేదు. నిన్ను నువ్వే పట్టిస్తావేంటి? పంపేయ్."

"చూసేటోళ్ళున్నరు సార్."

"కూరగాయలవాళ్ళు మన ప్రేక్షకులు కాదమ్మా. గడువు లేదు. శనివారమే."

సినిమా ఎవరి గురించో వాళ్ళు ప్రేక్షకులు కారట! ఆ మాట విన్నాక అనూహ్యకు తిట్టాలనిపించలేదు. నోట్లోకి వచ్చిన తిట్లన్నీ వారం కిందట తనే అతని ముందు వాడేసింది. అవి తనకూ సరిపోతాయని ఇప్పుడు తెలుసు. "అయితే నా పేరు లిస్టులకెల్లి తీసెయ్యండి సార్" అని ఫోన్ పెట్టేసింది. పద్నాలుగు నెలలు ఒక్క మాటతో పోయాయి. తర్వాత తిరిగి వచ్చి, విశాల్ మొహం చూడకుండా నాగమణమ్మ ముందు గొంతుక్కూర్చుంది.

"వద్దని చెప్పిన అవ్వా. మళ్ళ తీస్త. గీడనే, మీ వరసలనే. ఒక్క రోజుల. ఎట్ల తియ్యాలె?"

విశాల్ దూరంగా నిలబడి తల పట్టుకున్నాడు. కొంచెం సేపయ్యాక దగ్గరికొచ్చి, కెమెరా ఎక్కడ పెడితే వరసంతా కనబడుతుందో అని ఒక కన్ను మూసి చూడసాగాడు.

నాగమణమ్మ వంకాయల మీద నీళ్ళు చల్లడం ఆపింది.

"ఎట్ల తియ్యాలె అని నన్నడుగుతవేంది? తీసుడు తర్వాత. రేపు పొద్దుగాల బండి రాంగనే రా. నా పక్కన జానెడు జాగ ఇస్త, గా జాగల కూసో. సెల్ ఇంట్ల పెట్టి రా. మాపటిదాక లేవకు. తూకం ఎయ్యి, కొసరు ఎయ్యి, బేరం చెయ్యి, తిట్లు తిను. ఎవలు ఏది గిచ్చుతరో చూడు. గీ పోరనిని ఆ కొసకు, ఆలుగడ్డల కాడ కూసోవెట్టు, వాని మెడ కూడ జర వంగాలె. చంద్రమ్మా, నువ్వు గంప మొయ్యి, కాయితం లేకుంట. నెల దినాలు గట్ల చెయ్యిండ్రి. గప్పుడు సెల్ తెచ్చి, మేం కూసున్న ఎత్తుల పెట్టి తియ్యిండ్రి, మా నెత్తుల మీదికెల్లి కాదు. తీసినంక ఎవ్వలికి చూపియ్యకముందు మాకు చూపియ్యాలె. ఇగ లెవ్. ఎండల కూసోకు, గా గోనె సంచి పర్చుకొని గిటు జరుగు, కొనేటోళ్ళకు దారియ్యి."